బరువు సరే, వేడి ఎటు పోతుంది? కాంపోజిట్ ఇంజన్ల అసలు చిక్కు

"ప్లాస్టిక్ ఇంజన్ వచ్చేసింది", "రేడియేటర్ అక్కర్లేని ఇంజన్" లాంటి శీర్షికలు కొన్నేళ్లకోసారి ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటాయి. చదివినవాళ్లకు వెంటనే రెండు అనుమానాలు వస్తాయి. లోపల మంట మండుతుంటే ప్లాస్టిక్ కరిగిపోదా? పోనీ కరగదనుకుందాం, అంత తేలికైన సరుకు చేతిలో ఉండగా ఇంకా అల్యూమినియం, పోత ఇనుమే ఎందుకు వాడుతున్నారు?

రెండూ సరైన అనుమానాలే. జవాబు మాత్రం రెండింటికీ ఒక్కటే. ఇంజన్‌లో లోహం ఒకేసారి రెండు ఉద్యోగాలు చేస్తుంది. ఒకటి, లోపలి ఒత్తిడికి పగలకుండా నిలబడటం. రెండోది, లోపల పుట్టిన వేడిని తన ఒంట్లోంచి బయటికి దాటించడం. మొదటిది అందరికీ కనిపిస్తుంది. రెండోది ఎంత నిశ్శబ్దంగా జరుగుతుందంటే, ఆ లోహాన్ని తీసేసేదాకా ఎవరికీ గుర్తు రాదు. కాంపోజిట్లు మొదటి పనిలో లోహాన్ని ఓడించగలవు. రెండో పనిలో చాలావరకు చేతులెత్తేస్తాయి. అందుకే తేలికైన సరుకు గురించి మొదలైన ప్రతి చర్చా కాసేపటికి కూలింగ్ దగ్గరికే వచ్చి ఆగుతుంది.

## కాంపోజిట్ అంటే ఒక పదార్థం కాదు, ఒక కుటుంబం

రెండు వేర్వేరు పదార్థాలను, వాటి గుణాలు పోకుండా, ఒకదానిలో ఒకటి ఇమిడ్చి చేసేది కాంపోజిట్. మట్టిలో గడ్డి కలిపి గోడ కట్టడం, కాంక్రీట్‌లో ఇనుప చువ్వలు వేయడం ఇదే ఆలోచన. చువ్వ లాగుడును తట్టుకుంటుంది, కాంక్రీట్ దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఇలా పట్టి ఉంచే పదార్థాన్ని మాతృక అందాం. మాతృక ఏదన్నదాన్ని బట్టి కాంపోజిట్ ఎంత వేడి దాకా బతుకుతుందో తేలుతుంది.

మాతృక ప్లాస్టిక్ రెసిన్ అయితే అది పాలిమర్ కాంపోజిట్. కార్బన్ ఫైబర్, గ్లాస్ ఫైబర్ అని మనం మామూలుగా పిలిచేవి ఇవే. కార్బన్ పోగుకు వేడి పెద్ద సమస్య కాదు, దాన్ని పట్టుకున్న రెసిన్‌కే సమస్య. మామూలు ఎపాక్సీ రెసిన్లు 120 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడటం మొదలెడతాయి. పాలిఇమైడ్ తరగతి రెసిన్లు కొన్ని 300 డిగ్రీల దరిదాపుల దాకా వెళ్తాయి కానీ వాటి ఖరీదు, తయారీలో ఇబ్బంది వేరే స్థాయిలో ఉంటాయి.

మాతృక అల్యూమినియం లాంటి లోహమైతే మెటల్ మ్యాట్రిక్స్ కాంపోజిట్. సిరామిక్ అయితే సిరామిక్ మ్యాట్రిక్స్ కాంపోజిట్. సిలికాన్ కార్బైడ్ పోగుల్ని సిలికాన్ కార్బైడ్‌లోనే పొదిగితే వచ్చే పదార్థం 1,300 డిగ్రీల దగ్గర కూడా బలం కోల్పోదు. పోగూ మాతృకా రెండూ కార్బనే అయిన కార్బన్-కార్బన్ ఇంకో శాఖ. వార్తల్లో ఇవన్నీ "కాంపోజిట్" అన్న ఒకే మాట కింద వచ్చేస్తాయి. గందరగోళంలో సగం అక్కడే పుడుతుంది.

బరువులు చూస్తే ఆశ ఎందుకో అర్థమవుతుంది. ఒక ఘన సెంటీమీటరు పోత ఇనుము 7.2 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు, కార్బన్ ఫైబర్ కాంపోజిట్ దాదాపు 1.6 గ్రాములు. జెట్ ఇంజన్ల వేడి భాగాల్లో వాడే నికెల్ మిశ్రలోహం 8 గ్రాములు దాటుతుంది. సిలికాన్ కార్బైడ్ కాంపోజిట్ దానిలో మూడో వంతు.

## మంట మధ్యలో అల్యూమినియం ఎలా బతుకుతోంది

పెట్రోల్ ఇంజన్‌లో ఇంధనం ఇచ్చే శక్తిని స్థూలంగా మూడు వాటాలు చేయొచ్చు. ఒక వాటా చక్రాలను తిప్పే పని అవుతుంది, ఒక వాటా పొగగొట్టం గుండా వేడిగా పోతుంది, మిగిలింది గోడల గుండా కూలెంట్‌లోకి, నూనెలోకి చేరుతుంది. కచ్చితమైన పాళ్లు ఇంజన్‌ను బట్టి, నడిపే తీరును బట్టి మారతాయి.

సిలిండర్‌లో మంట అంటుకున్న క్షణంలో వాయువు వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. శుద్ధ అల్యూమినియం కరిగేది 660 డిగ్రీలకు, పోతకు వాడే మిశ్రమాలు ఇంకా ముందే మెత్తబడతాయి. అయినా సిలిండర్ హెడ్ కరగడం లేదు. కారణం అల్యూమినియం వేడిని ఓర్చుకోవడం కాదు, నిలవ ఉంచుకోకపోవడం. వచ్చిన వేడిని వచ్చినట్టే వెనకున్న కూలెంట్‌కు అప్పజెప్పేస్తుంది.

దీన్ని లెక్కలో చూద్దాం. గట్టిగా పనిచేస్తున్న ఇంజన్ గోడ మీద ప్రతి చదరపు మీటరుకూ సగటున 5 లక్షల వాట్ల వేడి పడుతోందనుకుందాం. గోడ మందం 5 మిల్లీమీటర్లు. ఆ వేడి అవతలికి దాటాలంటే గోడ లోపలి ముఖం బయటి ముఖం కంటే ఎంత వేడిగా ఉండాలి? వేడిని మందంతో గుణించి, పదార్థపు ఉష్ణవాహకతతో భాగిస్తే చాలు.

అల్యూమినియం మిశ్రమానికి ఉష్ణవాహకత 150 అనుకుంటే, తేడా 17 డిగ్రీలు. పోత ఇనుముకు 50 వేస్తే, 50 డిగ్రీలు. రెండూ పర్వాలేదు. ఇప్పుడు కార్బన్ ఫైబర్-ఎపాక్సీ పలక తీసుకుందాం. మందానికి అడ్డంగా దాని వాహకత 0.7 దరిదాపుల్లో ఉంటుంది. తేడా దాదాపు 3,600 డిగ్రీలు!

అంత వేడి ఆ గోడ ఎక్కనే ఎక్కదు. దానికంటే చాలా ముందే రెసిన్ కాలిపోతుంది. లెక్క చెప్పేది ఇంతే: ఆ గోడ వెనక ఎంత చల్లటి నీళ్లు పారించినా ఉపయోగం లేదు, చల్లదనం లోపలి ముఖానికి అందదు. దుప్పటి కప్పుకున్న మనిషికి బయట నుంచి విసనకర్రతో విసిరినట్టు ఉంటుంది.

వాహకత ఎక్కువున్న కార్బన్ పోగులు లేవా అంటే ఉన్నాయి. పిచ్ (తారులాంటి జిగట పదార్థం) నుంచి తీసే కొన్ని రకాలు పోగు పొడవు వెంట రాగి కంటే బాగా వేడిని నడిపిస్తాయి. కానీ ఇంజన్ గోడలో వేడి పోగుల పొడవు వెంట కాదు, వాటికి అడ్డంగా దాటాలి. ఆ దారిలో ప్రతి పోగుకీ పక్కపోగుకీ మధ్య రెసిన్ అడ్డుపడుతుంది.

## నిజంగా పరుగెత్తిన ప్లాస్టిక్ ఇంజన్

ఈ లెక్క తెలిసి కూడా 1980ల మొదట్లో అమెరికాలో మ్యాటీ హోల్ట్‌జ్‌బర్గ్ అనే ఇంజనీరు పాలిమోటర్ పేరుతో ప్లాస్టిక్ ఇంజన్ చేశారు. ఫోర్డ్ పింటో కారులోని 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ దానికి ఆధారం. ఆ ప్లాస్టిక్ టోర్లాన్ అనే పాలిఅమైడ్-ఇమైడ్, మామూలు ప్లాస్టిక్‌లకు అందని వేడిని తట్టుకునే రకం. ఇంజన్ బరువు అసలు ఇనుప ఇంజన్‌లో సగం కంటే తక్కువకు దిగింది. 1984, 85 సీజన్లలో ఆ ఇంజన్‌తో లోలా రేసు కారు అమెరికాలో పోటీల్లో పరుగెత్తింది కూడా.

మరి 3,600 డిగ్రీల లెక్క ఏమైంది? హోల్ట్‌జ్‌బర్గ్ దాన్ని ఓడించలేదు, పక్కకు తప్పుకున్నారు. మంట తగిలే చోట్ల లోహాన్ని అలాగే ఉంచారు. సిలిండర్ స్లీవ్‌లు, దహన గది పైకప్పు, క్రాంక్ షాఫ్ట్ లోహమే. వాటిని చుట్టి పట్టుకునే బ్లాకు, ఇతర భాగాలు ప్లాస్టిక్. వేడి లోహంలోంచి నేరుగా కూలెంట్‌లోకి పోతుంది, ప్లాస్టిక్‌ను అడగదు. అంటే "ప్లాస్టిక్ ఇంజన్" అన్నది ప్లాస్టిక్ అస్థిపంజరంలో లోహపు పొయ్యి. ఇది మోసం కాదు. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన అత్యంత తెలివైన పంపకం ఇదే. లోహం చేస్తున్న రెండు ఉద్యోగాలను విడదీసి ఇద్దరికి ఇచ్చారు.

2015లో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ పరిశోధకులు చూపిన ఒక సిలిండర్ నమూనా ఇంజన్ కూడా అదే దారి. గ్లాస్ ఫైబర్ కలిపిన ఫినాలిక్ రెసిన్‌తో సిలిండర్ కవచాన్ని అచ్చులో పోశారు, లోపల లోహపు లైనర్ పెట్టారు. అల్యూమినియం కవచంతో పోలిస్తే 20 శాతం దాకా తేలిక. చప్పుడు తక్కువ, పరిసరాలకు వేడి తక్కువ వదులుతుంది. పాలిమోటర్ నాటి ఖరీదైన చేతిపని కాకుండా అచ్చులో వరసగా పోయగలగడం ఇందులో అసలు ముందడుగు.

అయినా మన కార్లలోకి ఎందుకు రాలేదు? బోల్టు బిగించిన చోట రెసిన్ వేడికి, ఒత్తిడికి మెల్లగా నలిగి సర్దుకుపోతుంది, బిగువు తగ్గిపోతుంది. అందుకని ప్రతి బోల్టు రంధ్రంలో లోహపు బుష్ పెట్టాలి. ఇంకో చిక్కు వ్యాకోచం. 400 మిల్లీమీటర్ల పొడవున్న అల్యూమినియం హెడ్ 80 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.74 మిల్లీమీటర్లు సాగుతుంది. కార్బన్ ఫైబర్ పోగుల వెంట దాదాపు సాగనే సాగదు. ఈ రెండింటినీ కలిపి బిగిస్తే మధ్యనున్న గ్యాస్కెట్ ప్రతి స్టార్టింగ్‌కూ, ప్రతి చల్లారడానికీ ముప్పావు మిల్లీమీటరు రుద్దుకుంటూ ఉండాలి. పైగా తడి చేరితే కార్బన్, అల్యూమినియం కలిసి బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర వేసి దీన్ని ఆపుతారు.

వేడి తక్కువున్న చోట్లలో మాత్రం ప్లాస్టిక్ కాంపోజిట్ ఎప్పుడో గెలిచేసింది. గ్లాస్ ఫైబర్ కలిపిన నైలాన్‌తో చేసిన ఇన్‌టేక్ మానిఫోల్డులు, వాల్వ్ కవర్లు, ఆయిల్ సంపులు మామూలైపోయాయి. బానెట్ ఎత్తినప్పుడు నల్లగా కనిపించే భాగాల్లో చాలావరకు అవే. ఎవరూ దాన్ని వార్త అనుకోరు.

## కదిలే భాగంలో వంద గ్రాములకు ఎంత విలువ

కదలని భాగంలో వంద గ్రాములు తగ్గితే వంద గ్రాములే తగ్గినట్టు. కదిలే భాగంలో లెక్క వేరు.

86 మిల్లీమీటర్ల స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) ఉన్న ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. పిస్టన్ పైకి వెళ్లి ఆగి వెనక్కి తిరిగే క్షణంలో దాని త్వరణం భూమ్యాకర్షణకు దాదాపు 2,250 రెట్లు. అంటే పిస్టన్ బరువులో తగ్గించిన ప్రతి 100 గ్రాములూ కనెక్టింగ్ రాడ్ మీద 225 కిలోల లాగుడును తగ్గిస్తాయి. రాడ్ సన్నబడొచ్చు, బేరింగ్ చిన్నదవ్వొచ్చు, క్రాంక్ మీద ఎదురుబరువు తగ్గొచ్చు.

ఇక్కడ మెటల్ మ్యాట్రిక్స్ కాంపోజిట్లు పనికొచ్చాయి. 1980ల మొదట్లో టొయోటా డీజిల్ పిస్టన్లలో రింగు కూర్చునే గాడి దగ్గర మాత్రమే సిరామిక్ పోగులు కలిపిన అల్యూమినియం వాడింది. ఆ గాడి అరగకుండా అంతకుముందు ఇనుప ముక్క పొదిగేవారు. 1990ల్లో హోండా ప్రెల్యూడ్ కారులో సిలిండర్ గోడనే అల్యూమినా, కార్బన్ పోగులు కలిపిన అల్యూమినియంతో చేసి ఇనుప స్లీవ్‌ను తీసేసింది. బరువు తగ్గింది, దాంతోపాటు వేడి కూడా ఇనుము అడ్డు లేకుండా కూలెంట్‌కు చేరింది. తేలికదనమూ కూలింగూ ఒకే వైపు లాగిన అరుదైన సందర్భం ఇది.

## ఫ్యాన్ బ్లేడ్: ఓటమితో మొదలై గెలిచిన కథ

జెట్ ఇంజన్ ముందుభాగంలో కనిపించే పెద్ద ఫ్యాన్ చల్లగానే ఉంటుంది. కాబట్టి పాలిమర్ కాంపోజిట్‌కు అక్కడ వేడి ఇబ్బంది లేదు. బరువు లాభం మాత్రం ఊహకు మించి ఉంటుంది. 10 కిలోల బ్లేడు, దాని గురుత్వ కేంద్రం ఇరుసు నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో, నిమిషానికి 2,500 చుట్లు. ఆ ఒక్క బ్లేడు హబ్‌ను దాదాపు 56 టన్నుల బలంతో బయటికి లాగుతుంది. దాన్ని 7 కిలోలకు దించితే లాగుడు 39 టన్నులకు దిగుతుంది. అప్పుడు హబ్ తేలికవుతుంది. బ్లేడు విరిగితే ఆపాల్సిన కవచం, ఇంజన్‌ను మోసే రెక్క చట్రం కూడా తేలికవుతాయి.

ఈ లాభం చూసే రోల్స్ రాయిస్ 1960ల చివర్లో ఆర్‌బీ211 ఇంజన్‌కు హైఫిల్ అనే కార్బన్ ఫైబర్ బ్లేడ్లు తయారుచేసింది. 1970లో పక్షి తగిలితే ఏమవుతుందో చూసే పరీక్షలో అవి ముక్కలయ్యాయి. లోహం దెబ్బకు వంగుతుంది, నాటి కాంపోజిట్ పగిలింది. కంపెనీ టైటానియంకు మారింది, 1971 ఫిబ్రవరి 4న దివాలా తీసింది. దివాలాకు బ్లేడ్లే కారణం అనడం సరికాదు, మొత్తం ఇంజన్ అభివృద్ధి ఖర్చే చేయి దాటిపోయింది. అయినా కాంపోజిట్ అనగానే భయపడే అలవాటు పరిశ్రమలో ఏళ్ల తరబడి మిగిలింది.

పాతికేళ్లకు, 1995లో, బోయింగ్ 777 మీద జీఈ90 ఇంజన్ కాంపోజిట్ బ్లేడ్లతోనే ప్రయాణికుల సేవలోకి వచ్చింది. ఈ మధ్యలో రెసిన్ గట్టిదనం పెరిగింది, బ్లేడు ముందంచుకు టైటానియం తొడుగు వచ్చింది. పక్షి తగిలేది ఆ తొడుగుకే. జీఈ90లో 22 బ్లేడ్లు ఉంటే, తర్వాతి తరం జీఈఎన్‌ఎక్స్‌లో 18, జీఈ9ఎక్స్‌లో 16.

## చల్లబరిచే గాలే 600 డిగ్రీలు

జెట్ ఇంజన్ వెనకభాగంలో కథ తలకిందులవుతుంది. ఆధునిక ఇంజన్లలో టర్బైన్‌లోకి వచ్చే వాయువు 1,500 డిగ్రీలు దాటుతుంది, బ్లేడు లోహం కరిగే వేడి కంటే ఎక్కువ. లోహాన్ని కాపాడేందుకు బ్లేడు లోపల సన్నటి సొరంగాలు పెట్టి, కంప్రెసర్ నుంచి మళ్లించిన గాలిని వాటిలోకి పంపుతారు. అది చిన్న రంధ్రాల్లోంచి బయటికొచ్చి బ్లేడు చుట్టూ పల్చని తెరలా పరుచుకుంటుంది. ఆ "చల్లటి" గాలి వేడే 600 డిగ్రీలు, అంతకంటే ఎక్కువా ఉంటుంది. పైన వేడిని అడ్డుకునే జిర్కోనియా అనే సిరామిక్ పూత అదనం.

ఈ గాలి ఊరికే రాదు. ఇంధనం కాల్చి, కంప్రెసర్ తిప్పి ఒత్తిడి పెంచిన గాలి అది. ఇంజన్ మధ్యభాగం గుండా పోయే గాలిలో దాదాపు ఐదో వంతు దాకా కూలింగ్‌కే పోవచ్చు. సిరామిక్ కాంపోజిట్‌కు అంత కూలింగ్ అక్కర్లేదు. కాబట్టి ఇక్కడ పదార్థం మార్చడం వల్ల వచ్చే పెద్ద లాభం బరువు కాదు, మిగిలిన గాలి.

2016లో సేవలోకి వచ్చిన లీప్ ఇంజన్‌లో టర్బైన్ బ్లేడ్ల చుట్టూ ఉండే ష్రౌడ్లు సిరామిక్ కాంపోజిట్‌వే. తిరిగే బ్లేడుతో కాకుండా తిరగని భాగంతో మొదలుపెట్టడం జాగ్రత్తకు గుర్తు. దీనికీ ఒక బలహీనత ఉంది. మంటలో పుట్టే నీటి ఆవిరి, సిలికాన్ కార్బైడ్ మీద ఏర్పడే రక్షక సిలికా పొరను వాయువుగా మార్చి ఎత్తుకుపోతుంది. అందుకే దాని మీద ఇంకో పూత వేయాలి. ఆ పూత ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే ఆ భాగం ఆయుష్షు.

## రేడియేటర్ కాని దారులు

మామూలు కూలింగ్ అంటే నీళ్లు, పంపు, రేడియేటర్, ఫ్యాన్. అలా కాని దారులు చాలా ఉన్నాయి, కొన్ని చాలా పాతవి.

1920ల్లో శామ్ హెరాన్ విమాన ఇంజన్ల ఎగ్జాస్ట్ వాల్వును బోలుగా చేసి లోపల సోడియం పోశారు. సోడియం 98 డిగ్రీలకే కరుగుతుంది. వాల్వు పైకీ కిందికీ ఊగుతుంటే ద్రవ సోడియం లోపల చిలకబడుతూ ఎర్రగా కాలిన తల నుంచి వేడిని కాడకు మోస్తుంది. పంపు లేదు, గొట్టం లేదు. ఇప్పటికీ వాడుకలో ఉన్న పద్ధతి ఇది.

1985లో సుజుకి జీఎస్‌ఎక్స్-ఆర్750 బైకు నీళ్ల బదులు నూనెను ఎక్కువ మోతాదులో తిప్పి, పిస్టన్ల అడుగున చిమ్మి వేడి లాగింది. నూనె నీటికంటే తక్కువ వేడి మోస్తుంది, అయినా ఎలాగూ ఇంజన్‌లో ఉండేదే కాబట్టి ఒక వ్యవస్థ మొత్తం తగ్గింది.

నీటిని ఆవిరిగా మారనిస్తే అది మోసే వేడి ఇంకా పెరుగుతుంది. 1930ల్లో రోల్స్ రాయిస్ గోస్‌హాక్ విమాన ఇంజన్ ఆవిరి కూలింగ్‌తో పనిచేసింది. ఆవిరిని రెక్కల చర్మంలోనే మళ్లీ నీరు చేయాలని ఆలోచన. కాగితం మీద అందంగా ఉంది. గాలిలో మాత్రం మరిగే అంచున ఉన్న నీరు పంపుల్లోనే ఆవిరైపోయి ఇబ్బంది పెట్టింది. యుద్ధవిమానానికైతే రెక్క మొత్తం రేడియేటర్ అయినట్టే, ఒక్క తూటా చాలు.

నీటిని గోడ వెనక కాకుండా నేరుగా గాలిలోకి చిమ్మడం ఇంకో దారి. ఒక కిలో గాలిలో 20 గ్రాముల నీటి తుంపర పూర్తిగా ఆవిరైతే ఆ గాలి వేడి దాదాపు 48 డిగ్రీలు తగ్గుతుంది. టర్బో నుంచి కాలుతూ వచ్చే గాలికి ఇది మంచి మందు, ఇంజన్ నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే అంటుకోవడం) తగ్గుతుంది. 2016లో బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ ఇలాగే వచ్చింది. నీళ్ల ట్యాంకు నింపుకుంటూ ఉండాలి, అదీ దాని మైనస్.

అన్నిటిలో నాకు నచ్చేది 1990ల క్యాడిలాక్ నార్త్‌స్టార్ ఇంజన్ ఉపాయం. కూలెంట్ పూర్తిగా కారిపోతే, కంప్యూటర్ సగం సిలిండర్లకు ఇంధనం ఆపేస్తుంది. ఆ సిలిండర్లు ఉత్త గాలిని పీల్చి వదులుతూ చల్లబడతాయి. కాసేపటికి వంతు మారుతుంది. కొత్త భాగం ఒక్కటీ పెట్టకుండా, ఉన్న సిలిండర్లనే ఫ్యాన్లుగా వాడుకోవడం అది.

రాకెట్లలో ఇంధనమే కూలెంట్. దహన గది గోడలోని సన్నటి కాలువల గుండా తిరిగి, గోడను చల్లబరిచి, ఆ తర్వాతే మంటలోకి వెళ్తుంది. ద్రవ హైడ్రోజన్ వాడితే ఒకవైపు మైనస్ 253 డిగ్రీలు, ఇంకోవైపు 3,000 దాటిన మంట, మధ్యలో పల్చని లోహపు గోడ. అసలు చల్లబరచకుండా ఎర్రగా కాలి కాంతిగా వేడిని వదిలేసేలా నాజిల్ (మంట బయటికి చిమ్మే మూతి) చేయడమూ ఉంది. కార్బన్-కార్బన్ అక్కడ పనికొస్తుంది. 2024లో ఇస్రో, పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ కోసం కొలంబియం మిశ్రలోహం బదులు కార్బన్-కార్బన్ నాజిల్ భాగాన్ని పరీక్షించింది. ఆ భాగం బరువు 67 శాతం తగ్గుతుందని, రాకెట్ మోసే బరువు 15 కిలోలు పెరుగుతుందని ప్రకటించింది. గాలి తగిలితే కార్బన్ కాలిపోతుంది కనుక దానికి సిలికాన్ కార్బైడ్ పూత వేశారు.

బ్రిటన్‌లో రియాక్షన్ ఇంజన్స్ అనే సంస్థ ఇంకా దూరం వెళ్లింది. ధ్వనికి ఐదు రెట్ల వేగంలో ఇంజన్‌లోకి దూసుకొచ్చే గాలి 1,000 డిగ్రీలు ఉంటుంది. ఆ గాలిని వేల సన్నటి గొట్టాల మధ్య నుంచి పంపి సెకనులో 20వ వంతు లోపే చల్లబరిచే ప్రీకూలర్‌ను 2019లో పరీక్షించి చూపింది. పరికరం పనిచేసింది. డబ్బు అందక 2024 అక్టోబర్ చివర్లో సంస్థ మూతపడింది.

## కూలింగే మానేస్తే?

ఇక్కడ చాలామందికి తట్టే ఆలోచన ఒకటుంది. కూలెంట్‌లోకి పోతున్న వాటాను పోనివ్వకుండా, సిరామిక్‌తో గోడలు మూసేస్తే ఆ శక్తి పనిగా మారదా? 1970ల చివర, 80ల్లో కమిన్స్ సంస్థ, అమెరికా సైన్యం కలిసి సరిగ్గా ఇదే చేశాయి. "అడియాబాటిక్" (వేడిని బయటికి పోనివ్వని) డీజిల్ అని పేరు. రేడియేటర్, నీళ్ల పంపు తీసేసి సైనిక ట్రక్కులో నడిపారు.

ట్రక్కు నడిచింది. కానీ దాచుకున్న వేడిలో పెద్ద భాగం పిస్టన్‌ను తోయకుండా పొగగొట్టంలోకి వెళ్లిపోయింది. వేడి పిస్టన్‌కు పనికి రావాలంటే సరైన సమయానికి, అంటే వ్యాకోచం మొదట్లోనే, ఉండాలి. ఆలస్యంగా మిగిలిన వేడి ఎగ్జాస్ట్‌కే లాభం. దాన్ని పట్టుకోవాలంటే వెనక ఇంకో టర్బైన్ పెట్టాలి. ఇంకో దెబ్బ, కాలుతున్న గోడలు లోపలికి వచ్చే గాలిని వేడెక్కించి ఉబ్బించేశాయి, సిలిండర్‌లో పట్టే గాలి తగ్గింది. ఆ వేడికి నూనె నిలవడం మూడో తలనొప్పి.

సమర్థకులు ఆ ప్రయోగం విఫలం కాలేదంటారు, సైన్యానికి రేడియేటర్ పోవడమే పెద్ద లాభమని వారి వాదన. విమర్శకులు పొదుపు ఆశించినంత రాలేదని ఎత్తిచూపుతారు. రెండూ నిజమే, ఎవరు దేన్ని కొలుస్తున్నారన్నదే తేడా.

టొయోటా 2015లో జీడీ డీజిల్ ఇంజన్లలో మధ్యేమార్గం పట్టింది. పిస్టన్ తల మీద సూక్ష్మరంధ్రాలున్న పల్చని పూత. మందమైన సిరామిక్‌లా వేడిని నిలవ ఉంచుకోదు. మంటతోపాటు వేడెక్కుతుంది, కొత్త గాలి రాగానే చల్లబడుతుంది. వేడి బయటికి పోకూడని సమయంలో మాత్రమే అడ్డు నిలుస్తుంది.

## ఎవరి వాదనలో ఎంత బలం

కాంపోజిట్లను సమర్థించేవాళ్లు చెప్పేది, బరువు గొలుసులా తగ్గుతుందని. విమానంలో అది దాదాపు తిరుగులేని వాదన, ఎందుకంటే అది ఏళ్ల తరబడి ప్రతి గంటా ఆ బరువును ఆకాశంలో మోయాలి. కారు విషయంలో బలం తగ్గుతుంది. ఇంజన్‌లో 20 కిలోలు తగ్గితే మంచిదే కానీ, అదే డబ్బుతో సీట్లలో, బాడీలో అంతకంటే ఎక్కువ తగ్గించొచ్చని ఎదుటివాళ్లు అంటారు.

అల్యూమినియం బ్లాకును కరిగించి మళ్లీ పోయొచ్చు. గట్టిపడిన ఎపాక్సీని మళ్లీ కరిగించలేం. లోహంలో పగులు చాలాసార్లు కంటికి కనిపిస్తుంది. కాంపోజిట్‌లో పొరలు లోపల విడిపోయినా పైన నున్నగానే ఉండొచ్చు, అల్ట్రాసౌండ్‌తో వెతకాలి. మరోవైపు తుప్పు పట్టకపోవడం, పదే పదే ఊగినా అలసిపోకపోవడం కాంపోజిట్ పక్షాన ఉన్న గట్టి గుణాలు. జీఈ90 బ్లేడ్ల అనుభవం ఆ రెండో వాదనకు బలమిచ్చింది.

ఇంజన్లు పోయి మోటార్లు వస్తున్నాయి కదా, ఈ గొడవంతా ఎందుకన్న ప్రశ్న కూడా వినిపిస్తుంది. 2021లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ మోటార్‌లో రోటార్ (లోపల తిరిగే భాగం) చుట్టూ కార్బన్ ఫైబర్ తొడుగు ఉంది. అంత వేగంలో రోటార్ బయటికి చిమ్మకుండా బిగించి పట్టే పని దానిది. ఆ పనికి అంతకంటే మంచి సరుకు దొరకదు. కానీ అలాంటి తొడుగు రోటార్‌కు కప్పిన దుప్పటి కూడా, లోపలి వేడి పైనుంచి పోలేదు. అందుకే రోటార్ వేడెక్కే మోటార్లలో ఇరుసునే బోలుగా చేసి, నడిమధ్య నుంచి నూనె పంపే పద్ధతి పెరుగుతోంది.